అచ్చం ఇలాగే

ఆవిడ కంప్యూటరు తెర మీది దుమ్మును చేతిరుమాలుతో తుడుస్తుండగానే కళ్ళద్దాల షాపాయన వచ్చి పక్క కుర్చీలో చతికిలబడ్డాడు. వెబ్‌సైట్లు చేసే ఆ చిన్న ఆఫీసులో అందరికీ ఆవిడ అక్కే. మౌసు పట్టీ పట్టీ కుడి మణికట్టు దగ్గర కాయ కాసింది. మెడ ఎప్పుడూ కాస్త ముందుకు వంగే ఉంటుంది.

చేసిన సైట్లకు లెక్కే లేదు. ఇది నాది అని చెప్పుకోవడానికి మాత్రం ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళంతా ఫోను ముందుకు చాపి, ఎవరిదో సైటు చూపించి, "అచ్చం ఇలాగే" అనేవాళ్ళే. "అమ్మా, నువ్వు చేసింది చూపించవూ?" అని కూతురు అడిగినప్పుడల్లా తల కొట్టేసినట్టయ్యేది. ఈసారి మాత్రం, సాయంత్రం చూపిస్తానని మాటిచ్చి వచ్చింది.

అందుకోసమే ఈ కళ్ళద్దాలాయన షాపులో ఓ పూటంతా కూర్చుని చూసింది. కంటిపరీక్ష బోర్డు మీదిలా, పేజీ పైన ఒకే పెద్ద అక్షరం, కిందికి వెళ్ళేకొద్దీ చిన్నవయ్యే వరుసలు పెట్టింది. ముచ్చటపడి దాన్ని కాగితం మీదకు తీసి గోడకు అంటించుకుంది కూడా.

ఆయన తెర మీద ఆ పెద్ద అక్షరం చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంటమ్మా, ఇంత లావు అక్షరం! వద్దొద్దు."

"కిందికి చూడండి సార్, కింద..."

"ఏం చూడక్కర్లేదు. ఇదిగో, మా ఎదురు షాపువాడిది. అచ్చం ఇలాగే కావాలి. ఒక్క ముక్క కూడా మారకూడదు."

"వాళ్ళ ఫొటోలు, వాళ్ళ మాటలు మనం వాడుకుంటే ఊరుకోరండీ."

అద్దాల తలుపు సందులోంచి ఓనరు తల బయటపెట్టాడు. "ఫొటోలు మార్చి ఆయన అడిగింది చేసెయ్యండక్కా. మనకెందుకొచ్చిన గొడవ?"

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అయినా పని మొదలుపెట్టింది. అదే నీలం రంగు, అవే గుండ్రటి బటన్లు, అదే నవ్వు మొహం వేరే మనిషికి. మధ్యలో ఆయన్ని ఫోను నంబరు అడిగింది.

"ముందు అచ్చం అలా రానివ్వమ్మా. అవన్నీ తర్వాత."

ఆవిడ భోజనం చేసి వచ్చేసరికి, ఆయన తొందర భరించలేక ఓనరే సైటును జనంలోకి వదిలేశాడు. షాపాయన మురిసిపోతూ, తన షాపులో ఫోను మోగుతుందో లేదో చూద్దామని పేజీలో ఉన్న నంబరు నొక్కాడు.

"చెప్పండి సార్, కళ్ళద్దాలు కావాలా?" అంది అవతలి గొంతు.

ఎదురు షాపువాడి గొంతు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఫోను పెట్టేసి ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

"నంబరైనా చూసుకోవద్దూ అక్కా?" అన్నాడు ఓనరు.

ఆవిడ ఆయన్ని అడిగి నంబరు మార్చింది. ఫొటోలు మరోసారి సరిచూసింది. కంప్యూటరు ఆపి, టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది.

"రేపట్నుంచి నేను రాను సార్."

"కోపంలో అలా అనకండక్కా."

"కోపమే సార్. ఇన్నాళ్ళకు వచ్చింది."

చెప్పులేసుకుని మెట్లు దిగింది. ఉద్యోగం పోయిందన్న దిగులు ఇంకా తగల్లేదు. కూతురికి ఏం చూపించాలన్నదే గుండెలో గుచ్చుకుంటోంది.

పైన షాపాయన కాసేపు గొణిగి, కళ్ళద్దాలు తుడుచుకుని గోడ మీది కాగితంవైపు చూశాడు. లేచి దగ్గరికెళ్ళి, ఒక్కో వరుసా చదువుతూ వంగాడు. చివరి వరుసకు ముక్కు కాగితానికి తగిలింది.

"ఇది కనిపించకపోతే మా షాపుకి రండి" అని కూడబలుక్కుని చదివి పకపకా నవ్వాడు. "భలే ఉందయ్యా! ఏ షాపువాళ్ళదిది? నాకు అచ్చం ఇలాగే కావాలి."

ఓనరు ఖాళీ కుర్చీవైపు చూశాడు. ఫ్యాను గాలికి కాగితం కింది అంచు లేచి పడుతూ ఉంది.