దురద ఎప్పటినుంచి?

అంట్లు తోమే పీచుతో అరచేతులు రుద్దుకుంటుంటే అత్తగారు చూశారు. మర్నాడు స్నానాలగదిలో నా తువ్వాలు, నా సబ్బు విడిగా ఒక మూలకు చేరాయి. ఒంటిమీద ఒక్క పొక్కు లేదు, దద్దురు లేదు. ఏదైనా ఉంటే చూపించి నమ్మించేదాన్ని. దురద మాత్రం చర్మం కింద ఎక్కడో, గోరుకు అందని చోట పుట్టి అరికాళ్లదాకా పాకేది. పడుకున్నాక దువ్వెనతో గోక్కుంటుంటే ఆయన "పక్కలో ఎలుక దూరినట్టుంది" అని దిండు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయారు. ఆ దిండు తిరిగి రాలేదు. నేనూ అడగలేదు. ఒక్కదాన్నే కదా, కసిదీరా గోక్కోవచ్చని మొదట్లో సంతోషించాను కూడా. నన్ను ఎవరైనా తాకి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోవడం ఆ తర్వాత మొదలైంది.

దానికి నీరసం తోడైంది. స్కూలు ఆఫీసులో హాజరుపట్టీలు టైపు చేస్తూ కీబోర్డు మీదే తల వాల్చేసేదాన్ని. "ఇంట్లో నిద్రపోనివ్వట్లేదా అమ్మా" అని హెడ్మాస్టరు అంటే గదిలో అందరూ నవ్వారు. ఇంటికొస్తే కూరలు తరగడానికి కూడా స్టూలు వేసుకోవాల్సి వచ్చేది. "వదినకి పని కనబడితే చాలు, ఒళ్లు సహకరించదు" అని ఆడపడుచు ఫోనులో వాళ్లమ్మతో అంది. స్పీకరు ఆన్‌లో ఉందనీ, నాకు వినబడుతోందనీ ఇద్దరికీ తెలుసు.

మొన్న స్కూల్లో అందరికీ చేయించిన రక్తపరీక్షలో నా కాలేయం బాగాలేదని తేలింది. ఆపైన చేయించిన పరీక్షల ఫలితాలతో ఇవాళ ఈ డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. పక్కన మావారు. కాలేయంలోంచి పిత్తం పారే సన్నని నాళాలను నా ఒళ్లే పగబట్టి పాడుచేస్తోందట. పిత్తం లోపలే నిలిచిపోయి కాలేయాన్ని మెల్లగా గట్టిపరుస్తుందట. దురదా, నీరసమూ అందువల్లేనట. పూర్తిగా నయం కాదు, జీవితాంతం మాత్రలు వాడుతూ జబ్బు నిదానించేలా చూసుకోవాలి. భయపడాల్సిందే. కానీ నాకు ముందు ఏడుపొచ్చింది, నేను నటించలేదని ఒకరు చెప్పినందుకు.

మద్యం అలవాటుందా అని ఆవిడ నన్ను అడిగితే, మా ఇంటి ఆడవాళ్లకా అని ఆయన నవ్వారు. నిద్ర పడుతోందా అంటే, హాయిగా పడుకుంటుందండీ అన్నారు. హాల్లో పడుకునే మనిషి చెప్పిన మాట అది.

"దురద ఎప్పటినుంచి?"

"ఈమధ్యేనండీ. ఒక రెండు నెలలు" అన్నారాయన.

ఆవిడ రాసుకోబోయారు.

"నాలుగేళ్లు" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు. "నాతో ఎప్పుడు చెప్పావు?"

నిజంగానే ఆశ్చర్యపోతున్నారు. అబద్ధమాడినా ఇంత బాధపడేదాన్ని కాదేమో.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టారు. "మీరు చెప్పండమ్మా, మొదట్నించీ."

నాకంటే ముందు ఆయనే గొంతు సవరించుకున్నారు.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాను, ఆయనతో.