పాత పడవవాళ్ళు

మా ఇంటి తలుపు ఫోటో ఊరూవాడా చూసింది. తలుపు పక్కన నా చెప్పులు కూడా ఉన్నాయి అందులో. ఎడమ చెప్పు పట్టీ తెగితే తీగతో కుట్టుకున్నాను. ఆ తీగ కూడా కనపడుతోంది. అంటే తీసినవాడు అంత దగ్గరగా నిలబడ్డాడు. చెప్పులు బయట ఉన్నాయంటే నేను లోపల ఉన్నాను. మధ్యలో ఉన్నది చెక్క ఒక్కటే.

ఫోటో కింద ఎవడో రాశాడు: "అవ్వని దించేసిన మనిషి ఉండేది ఇక్కడే."

ఆ మనిషి నా కూతురు.

వీడియో గేములకి కథ రాయడం దాని ఉద్యోగం. నా చదువు ఊరి బడితో సరి. ఆటకి కథ ఎందుకో నాకు మొన్నటిదాకా తెలియదు. ఆట పేరు ఏటిపాయ. మొదటి మూడు భాగాలు వేరేవాళ్ళు రాశారు. నాలుగోది మా అమ్మాయి రాసింది. అందులో ఒక పడవ. ఆడేవాడు ముందు కూర్చుని తెడ్డు వేస్తాడు. వెనక పలక మీద ఒక అవ్వ కూర్చుంటుంది. దారి చెబుతుంది, తిడుతుంది, నవ్విస్తుంది. మొదటి భాగంలో దొరికిన అవ్వని రెండో దానికీ మూడో దానికీ వెంట తెచ్చుకోవచ్చు. అలా ఏళ్ళ తరబడి ఒకే అవ్వతో తిరిగినవాళ్ళున్నారు. నాలుగో భాగం నడుమ ఒక రేవు వస్తుంది. అవ్వ అక్కడ దిగిపోతుంది. మళ్ళీ ఎక్కదు. ఎంత ఆటగాడైనా ఎక్కించలేడు. పోనీ వెనక్కి వెళ్ళి మూడో భాగంలో చూసుకుందామంటే అక్కడా ఉండదు. ఒకసారి కొత్త పడవకి తెచ్చాక పాత పడవ ఖాళీ.

దానిమీద జనం రెండుగా చీలి కొట్టుకుంటున్నారు. ఇలాంటి ఆట పుట్టలేదని కొత్త పడవవాళ్ళు. రాసినదాన్ని బతకనివ్వకూడదని పాత పడవవాళ్ళు. ఈ పేర్లు వాళ్ళు పెట్టుకున్నవే.

"ఎందుకే ఈ గొడవ?" అని అడిగాను అమ్మాయిని.

"కొందరికి మార్పు గిట్టదు నాన్నా. ఆటంటే గెలవాలంతే. ఏదైనా పోతే ఓర్చుకోలేరు."

"మెచ్చుకునేవాళ్ళో?"

"వాళ్ళకి అర్థమైంది."

"అంటే నిన్ను పొగిడినవాడు తెలివైనవాడు, తిట్టినవాడు మొద్దు. బాగానే తేల్చావు."

"అమ్మ ఉంటే నిన్నిలా మాట్లాడనిచ్చేది కాదు."

"అమ్మ ఉంటే నాకు మాట్లాడే సందే దొరికేది కాదు."

అది నవ్వలేదు. ఫోను తిప్పి బల్లమీద పెట్టింది. పెట్టేముందు నేను చదివాను. 'నువ్వు మా అవ్వని దింపావు. మేం నిన్ను దింపుతాం.'

ఫోటో వచ్చిన వారంలోనే గుమ్మం ముందు చిన్న చెక్క పడవ దొరికింది. చేత్తో చెక్కింది. ముందు ఒక బొమ్మ. వెనక పలక మీద ఏమీ లేదు. బొమ్మకి మెడ దగ్గర రంపం గాటు ఉంది. పోలీసులొచ్చి చూశారు. "ఆటేగా" అన్నారు. టీ తాగి పోయారు. కింద మా బిల్డింగుకి ఒక కాపలావాడున్నాడు. వాణ్ణి ఎవరూ ఎత్తుకుపోకుండా ఇంకొకణ్ణి పెట్టాలి.

నేను బతుకంతా గోడౌను కాపలా కాశాను. మొహాలు అబద్ధం చెబుతాయి, చేతులు చూడాలి. ఆ పనిలో నేర్చుకున్నది అదొక్కటే. బజారుకెళ్ళి ఇనప గొలుసు తెచ్చి తలుపు లోపల బిగించాను. పాత ఇనప టార్చి బయటికి తీశాను. అది వెలగదు. వెలగక్కర్లేదు. అమ్మాయి కంపెనీ కారులో పోవడం, కంపెనీ కారులో రావడం. దాని దగ్గర తాళంచెవి ఉన్నా సరే, నేను గొంతు విని గొలుసు తీస్తేనే లోపలికి. ఇంట్లో నాకు మిగిలింది అదొక్కతే. దాని తల్లి ఆసుపత్రిలో పోయింది. చివర్లో గొంతులో గొట్టం పెట్టారు. ఒక్క మాట లేకుండా పోయింది. ఫోటోలున్నాయి. ఫోటోకి నోరుండదు.

అతను వచ్చింది మధ్యాహ్నం. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే బెల్లు మోగింది. తలుపులోని గాజు కన్నులోంచి చూశాను. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, భుజానికి సంచి. బూట్లు విప్పి నా చెప్పుల పక్కన వరసగా పెడుతున్నాడు. లోపలికి రావాలనే వచ్చాడు.

టార్చి పట్టుకున్నాను. గొలుసు ఉంచి తలుపు జానెడు తెరిచాను.

"మేడం ఉన్నారా అంకుల్?"

అంకుల్ అనేవాణ్ణి నేను నమ్మను. నాకు అన్నదమ్ములు లేరు.

"ఎవరు నువ్వు?"

"పాత పడవవాణ్ణి."

టార్చి ఉన్న చెయ్యి తలుపు చాటున పైకెత్తాను. సంచి వైపు అతని చెయ్యి పోతే గొలుసు సందులోంచే వేలు విరగ్గొట్టాలి. చెయ్యి పోలేదు.

"ఫోటో తీసింది నేనే అంకుల్. ఇల్లు దొరికిందని మావాళ్ళకి చూపించాను. అందులో ఎవడో బయట పెట్టాడు. క్షమించమని అడగడానికొచ్చాను."

"చెక్క పడవ పెట్టి బొమ్మ మెడ కోసింది కూడా నువ్వేనా?"

"ఏ పడవ?"

చేతులు చూశాను. నిశ్చలంగా ఉన్నాయి. నిజమే చెబుతున్నాడు. అప్పుడు ఇంకా భయం వేసింది. రంపం పట్టినవాడు ఇంకొకడున్నాడు. వాడికీ ఈ గుమ్మం తెలుసు.

"సరే, అడిగావుగా. ఇక పో."

"మేడంతో ఒక్క మాట మాట్లాడి పోతాను. వచ్చేదాకా ఇక్కడే నిలబడతాను."

ఆ మాట మెత్తగా అన్నాడు. అరిచినవాడితో వేగవచ్చు. మెత్తగా నిలబడేవాడితో కష్టం. అది వచ్చేలోగా వీణ్ణి మెట్లు దింపాలి. నా ఆలోచన అదే.

"బొమ్మల ముసలిదాని కోసం ఇళ్ళ చుట్టూ తిరుగుతారటయ్యా? పెళ్ళాం పిల్లలు లేరా నీకు?"

"ఉన్నారు. వాళ్ళూ ఇదే అంటారు." గోడకి ఆనుకున్నాడు. "మొదటి భాగంలో అవ్వకి మాటలు మనమే నేర్పాలి అంకుల్. మీకు తెలుసా? మనం టైపు చేసి పెడితే, అదను చూసి అవ్వ ఆ మాట అంటుంది. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. మా అమ్మ బట్టలు కుట్టేది. మిషను ఆపి నా పక్కన కూర్చుని, అవ్వకి మాటలన్నీ తనే పెట్టింది. సుడిలో పడవ తిరుగుతుంటే అవ్వ ఏమనేదో తెలుసా? 'ముందు సూదిలో దారం ఎక్కించరా, బట్ట సంగతి తర్వాత ఏడుద్దువు' అనేది."

"మీ అమ్మ..."

"పోయింది. నేను రోజూ ఆడను. ఏమీ తోచనప్పుడు పడవెక్కి కావాలని రాయికి కొట్టేవాణ్ణి. అమ్మ తిట్టేది. నాలుగో భాగం వచ్చిందన్నారు. కొత్త పాయలట. అమ్మకి చూపిద్దామనుకున్నాను. అంతే అంకుల్ నేను చేసింది."

ఎత్తిన టార్చి కిందికి దించాను.

"కొత్తగా కొన్నవాళ్ళకి కంపెనీ మాటలు పెట్టిన అవ్వే వస్తుంది. మంచి మాటలే. ఆమె దిగిపోతే వాళ్ళు ఏడుస్తారు. కళ్ళు తుడుచుకుని గొప్ప ఆట అంటారు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు చూసింది కథ."

చావింట్లో దూరపు చుట్టం బాగా ఏడుస్తాడు. ఇంటివాడు కుర్చీలు సర్దుతుంటాడు. నాకు తెలుసు. నేను సర్దాను.

"ఆ మాటలు పోలేదంకుల్. కంపెనీ దగ్గర ఉన్నాయి. తిరిగి ఇచ్చేద్దామని కంపెనీవాళ్ళే అన్నారు. వద్దన్నది మేడం. ఇస్తే ఇక అవ్వ దిగడానికి అర్థం ఉండదంటారు. తన అవ్వని కూడా తీసుకోలేదట."

"దానికెక్కడిదయ్యా అవ్వ?"

అతను నా మొహంలోకి చూశాడు. "మీకు తెలియదా? ఊరందరికీ చెప్పారే."

చెయ్యి జేబులోకి పోయింది. టార్చి ఎత్తాను. బయటికి వచ్చింది ఫోను. సందులోంచి నాకేసి పట్టుకున్నాడు. మా అమ్మాయి మైకు ముందు కూర్చుని ఉంది. ఎదురుగా జనం.

"నా అవ్వకి మాటలు నేర్పింది మా అమ్మ," అంటోంది. "అందరికంటే ముందు ఆ అవ్వనే రేవులో దింపాను. దింపాకే ఈ కథ నిజమని నాకు తెలిసింది."

ఏమనేదో ఒక మాట చెప్పమని ఎవరో అడిగారు. అది నవ్వింది.

"'మీ నాన్న కంటే ముందు ఆయన కోపం పుట్టిందే. అన్నగారు కదా, అందుకే ఆయన మాట జవదాటడు.'"

జనం పగలబడి నవ్వారు.

గొంతు నా కూతురిది. మాట నా భార్యది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒత్తాలో, అంతా ఆవిడే. ఆ రోజుల్లో నాది రాత్రి కాపలా. సాయంత్రం టిఫిను డబ్బా పట్టుకుని నేను బయల్దేరుతుంటే తల్లీకూతుళ్ళు ఆ తెర ముందు చేరి నవ్వుకునేవాళ్ళు. దేనికని నేనడగలేదు. వాళ్ళు చెప్పలేదు.

"ఇంకోసారి పెట్టు," అన్నాను.

పెట్టాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ పెట్టాడు. చెయ్యి నొప్పెట్టిందేమో, ఫోను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

గొలుసు తీశాను.

లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను తలుపేసి, అలవాటుగా గొలుసు పెట్టాను. సంచిలోంచి చేత్తో పట్టుకుని ఆడే డబ్బా తీసి వెలిగించాడు. తెరమీద పడవ. వెనక పలక ఖాళీ. కింద నీళ్ళు మాత్రం కదులుతున్నాయి.

"చూడండి." పడవని రాయికి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "ఏమీ అనదు."

అతని గొంతులో ఏడుపు లేదు. అది దాటిపోయినవాడి గొంతు. ఆసుపత్రి వరండాలో నేను మాట్లాడిన గొంతు అదే. పొద్దు వాలేదాకా వాడితో పాటు నేనూ ఆ ఖాళీ పలకనే చూస్తూ కూర్చున్నాను. నన్ను భయపెట్టాల్సింది ఎదురుగా కూర్చున్నవాడు. వాడి మీద నాకు భయం పోయింది. పోయిన భయం ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు.

లిఫ్టు ఆగిన చప్పుడైంది. తాళంచెవి తిరిగింది. తలుపు గొలుసు దాకా వచ్చి ఆగింది.

"నాన్నా, నేనే. గొలుసు."

లేచి వెళ్ళాను. సందులో సగం మొహం కనపడుతోంది. దాని చూపు కిందికి పోయింది. నా తీగ చెప్పుల పక్కన నల్ల బూట్లు.

"ఇవెవరివి?" గొంతు దిగిపోయింది.

"మీ అమ్మ మాటలు కంపెనీలో ఉన్నాయా?"

"నాన్నా, లోపల ఎవరు?"

"ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి."

"ఊరందరికీ వినిపించావు. నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే నువ్వు ఆ తెర ముందునుంచి లేవవు. నేను లేవలేదు నాన్నా. అమ్మ పోయాక పనికి పోకుండా గదిలో పడుకున్నాను, గుర్తుందా? నువ్వు జ్వరమనుకున్నావు. పడుకోలేదు. పడవలో ఉన్నాను. తిండి లేదు, స్నానం లేదు. అమ్మ తిట్టిన తిట్టే తిడుతుంటే వింటూ కూర్చున్నాను. దింపితేగాని నేను ఒడ్డున పడలేదు."

"నువ్వు పడ్డావు. బాగానే ఉంది. మాటలు తెప్పించు."

"నీకిస్తే అందరికీ ఇవ్వాలి."

"అందరికీ ఇయ్యి."

"ఇవ్వను."

అదీ నా కూతురే. నా కోపం నాకు అన్నగారైతే దానికి పెదనాన్న వరస. పోలిక ఎక్కడికి పోతుంది.

వెనక కుర్చీ కిర్రుమంది. అతను లేచి నిలబడ్డాడు. అమ్మాయి ఆ చప్పుడు విని తలుపు పట్టుకుంది. "నాన్నా, వాడు నిన్నేమైనా చేస్తున్నాడా? అవునైతే ఊ అను చాలు."

అలవాటు చొప్పున చేతులు చూశాను. అతని చేతులు డబ్బా మీద ఉన్నాయి. కదలడం లేదు. నా కుడి చేతిలో టార్చి ఉంది. ఎప్పుడెత్తానో తెలియదు. భుజం దాకా లేచి ఉంది. తలుపు సందులో దాని నాలుగు వేళ్ళు ఉన్నాయి.

అదీ చూసింది. వేళ్ళు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నువ్వు కిందికి పో," అన్నాను. "ఈ పూట ఇంటికి రాకు."

"గొలుసు తియ్యి నాన్నా."

"తియ్యను. నీ మంచికే తియ్యను."

దాని కన్ను నామీదే ఉంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చాలా చిన్నదైంది.

"లోపల పాత పడవవాళ్ళు ఎంతమందున్నారు నాన్నా?"

"ఇద్దరం," అన్నాను.

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లమీద దాని పరుగు కిందిదాకా వినపడింది.