గొంతుకు ఇస్త్రీ

"మీరే! మనిషి గొంతుకు ఇస్త్రీ కొట్టి పంపుతున్నది మీరే!" కంపెనీ రేడియో గదిలో మేనేజరు మీద విరుచుకుపడింది టైలరమ్మ. ఆమె మొగుడు నడిసముద్రంలో, చమురు తోడే రిగ్గు మీద క్రేన్ ఆపరేటరు.

హోరులో మాట కొట్టుకుపోకుండా అక్కడి యంత్రం మెల్లగా అన్నదాన్ని పైకి లేపుతుంది, గట్టిగా అన్నదాన్ని అణిచేస్తుంది. ఒడ్డున ఇంకో పెట్టె దాన్ని విప్పి, మెల్లనిది మెల్లగా, గట్టిది గట్టిగా తిరిగివ్వాలి. ఆ పెట్టె చెడిపోతే పీకి మూల పడేశారు.

"మాట అర్థమవుతోందిగా, ఇంకేం కావాలమ్మా?" అన్నాడు మేనేజరు.

ఆమెకు కావలసింది మాట కాదు. నిద్ర ముంచుకొస్తుంటే మొగుడు ఆమె చెవి దగ్గర ఏదో గొణిగేవాడు. సగం వినపడేది కాదు. ఆ వినపడని సగం కోసమే ప్రాణం కొట్టుకుపోతోంది.

"చెల్లెమ్మా, లైను కలిసింది" అని రేడియో ఆపరేటరు హెడ్‌ఫోన్ అందించాడు.

"ఏమే, బాగున్నావా?" చాటింపు వేసినట్టు వచ్చింది మొగుడి గొంతు.

"మెల్లగా మాట్లాడలేవూ? ఊరందరికీ చెబుతున్నావా?"

"మెల్లగానే అంటున్నానే. ఓపిక లేదు. జ్వరం."

"ఈ గొంతుకి జ్వరమా! నీ నాటకాలు నా దగ్గరా, మహానుభావా!"

"అయ్యో చెల్లెమ్మా, అక్కడ గుసగుసలాడినా ఇక్కడికి ఇలాగే వస్తుంది" అన్నాడు ఆపరేటరు.

ఆమె నాలుక కరుచుకుని మొగుడితో అంది: "సరేలేవయ్యా. ఏం మాట్లాడకు. ఊరికే ఉండు కాసేపు."

అతను ఆగాడు. ఎత్తడానికి మాట లేక, యంత్రం దొరికినదాన్నల్లా ఎత్తసాగింది. ముందు అలల హోరు. ఆపైన అతని ఊపిరి. పక్క దిండు మీద ఉన్నంత దగ్గరగా! ఆమె కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళకి దొరికాడు. చెయ్యి చాపితే తగిలేట్టున్నాడు.

అంతలో ఆ ఊపిరి గీరుకుంది. పిల్లికూతలు మొదలయ్యాయి. లోపలికి పోవడానికి గాలి నానా తంటాలూ పడుతోంది.

ఆమె హెడ్‌ఫోన్ పీకి మేనేజరు చెవికి అదిమిపెట్టింది. అతని మొహంలో రంగు మారింది.

"పడవ... సోమవారం ఉంది" నసిగాడు.

"సోమవారం దాకా నువ్వు ఊపిరి బిగబట్టు, నేనూ ఆగుతా! డాక్టర్ని ఎక్కించి ఇప్పుడే పంపండి పడవని. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన అందులో ఉండాలి. ఫోన్ తియ్యి, చెప్పు పడవ వాళ్ళకి. నా ముందే చెప్పు!"