ఎర్ర అద్దం బిగించిన లారీ

యేసురాజు రోజూ పొద్దున్నే ప్రార్థన ముగించుకుని లారీ కడిగేవాడు. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వదిలేసి పోయిన లారీ అది. లోపల బల్లలు బిగించి, లంబాలైన్ పేట నుంచి రేవు మీదుగా అబర్డీన్ బజార్‌కి బస్సులా నడిపేవాడు. ఆ కాలపు బళ్లకు ఉన్నట్టే దాని బ్రేకు లైటుకు లేత పసుపు అద్దం. బ్రేకు నొక్కితే పసుపుగా వెలిగేది. దిగినవాళ్లకు మళ్లీ ఆ బండి ఎక్కే రాత లేకపోతే మాత్రం నీలంగా వెలిగేది. డ్రైవరుకి తన వెనక లైటు కనపడదు గదా, అంచేత వెనకాల ఉన్నవాళ్లు "నీలం, నీలం" అని కేకేసేవారు. దిగిన మనిషిని మళ్లీ ఎక్కించి, బజారులో చాయ్ తాగించి, ఇంటికి పంపేసేవారు. గండం గడిచిపోయేది.

ఒకరోజు బళ్లు తనిఖీ చేసే ఆఫీసరు వచ్చి, ఇకమీదట వెనక లైట్లు ఎర్రగానే ఉండాలన్నాడు. యేసురాజు మారుమాట లేకుండా ఎర్ర అద్దం బిగించాడు. బండికి కొత్త కళ వచ్చిందని అందరూ అంటే మురిసిపోయాడు కూడా. ఆ మురిపెం తలుచుకుని తర్వాత ఎంత కుమిలాడో అతనికే తెలుసు.

పదిహేను రోజులకి సూరయ్య వల భుజాన వేసుకుని రేవులో దిగాడు. ఎవరూ కేకెయ్యలేదు. మర్నాడు పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చింది.

నెల తిరక్కుండా సూరయ్య భార్య తవిటమ్మ అదే రేవులో దిగింది. చేతిలో గంపా లేదు, సంచీ లేదు. బండి ఎక్కబోతున్న చేపల కాళమ్మ వెనక నుంచి కేకేసింది.

"భయ్యా, నీ లైటు ఎలగట్లేదు. బల్బు మాడిపోయినట్టుంది."

యేసురాజు దిగి అద్దం మీద చెయ్యి వేశాడు. వేడిగా ఉంది. లైటు వెలిగింది, ఆ నీలమే ఎర్ర అద్దం దాటి బయటికి రాలేదు.

అతను పరిగెత్తుకెళ్లేసరికి తవిటమ్మ నడుంలోతు నీళ్లలో ఉంది. చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తెచ్చాడు. నువ్వు దిగితే లైటు ఎర్రగా వెలగలేదు చెల్లీ, ఇంటికి పోదాం రా అన్నాడు.

ఆమె తడిసిన కొంగు పిండుకుంది.

"ఆ రోజూ ఎలగలేదు భయ్యా," అంది తవిటమ్మ. "ఆయన్ని సాగనంపడానికొచ్చి నాను ఎనకాలే నిలబడ్డాను. బల్బు పోనాదనుకుని ఊరుకున్నాను."

"అద్దం మార్చింది నేను," అన్నాడు యేసురాజు.

ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బండి వెనక్కి తిప్పాడు. లంబాలైన్‌లో దింపుతూ, లైటు వెలిగిందా అని కాళమ్మను వెనక్కి వెళ్లి చూడమన్నాడు. ఎర్రగా వెలుగుతోందని చెప్పింది. తవిటమ్మ తన గుమ్మంలోకి వెళ్లేదాకా అతను బ్రేకు మీంచి కాలు తియ్యకుండా అలాగే కూర్చుని ఏడ్చాడు.