పాలు ముట్టని పిల్ల

పిల్ల పుట్టి మూడు రోజులైంది, ఇంకా పాలు ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఇట్లాగే ఉంటే రేపటిదాకా బతకదని అందరికీ తెలుసు.

లుసాకాలో తెల్లదొరలు తోటనగరం కడుతున్నారు. పిల్ల తండ్రి చోంగో అక్కడ మొక్కలు నాటే కూలి. వెడల్పాటి బాటలకు అటూ ఇటూ నీలిపూల చెట్లు, పచ్చిక మధ్యన దొరల బంగళాలు. నాటినవాళ్లకు మాత్రం ఊరవతల ఇరుకు గుడిసెలు, నీడకు ఒక్క చెట్టు లేదు. ఏం తోటో ఏమో!

పొద్దున్నే చోంగో మేనత్త నమూంగా వచ్చింది. పోయిన పెద్దల్లో ఎవరు బిడ్డగా తిరిగొచ్చారో, వాళ్ల పేరు పిలిస్తేనే బిడ్డ రొమ్ము పడుతుంది. ముసలామె ఒక్కో పేరే పిలిచింది. చోంగో భార్య ముటింటా ప్రతి పేరుకూ రొమ్ము అందించింది. పిల్ల మొహం తిప్పేసుకుంది.

"వచ్చింది మీ అమ్మేరా," అంది అత్త. "ఆ చెవులు చూడు, అచ్చం దానివే. మరి చిలాలా అని దాని పేరు పిలిస్తే పలకదేం? దాని సమాధి బాగానే ఉందా?"

"ఉంది."

"అబద్ధమాడితే నేల చూస్తావురా, చిన్నప్పట్నించీ."

"చెప్పు," అంది ముటింటా. "పిల్ల పోయాక ఎవరి కోసం దాస్తావ్?"

చోంగో చెప్పాడు. రెండేళ్ల కిందట, వాళ్ల పాత ఊరున్న చోట బాట వేస్తుంటే, మొక్క నాటాల్సిన చోట దిగ్గొట్టే కొలతల మేకు సరిగ్గా తల్లి సమాధి మీద పడింది. నోరు విప్పితే పని పోతుందని గుంట తవ్వేశాడు. ఎముకలు పక్కకు జరిపి మొక్క నాటాడు. వరసలో అన్నిటికన్నా అదే ఏపుగా ఎదిగింది. దొర రోజూ దాని ముందు ఆగి, దానికి కట్టిన రేకు బిళ్ల మీది అంకె పైకి చదివి మెచ్చుకునేవాడు. నీళ్లు పోస్తూ చోంగో కూడా దాన్ని ఆ అంకెతోనే పిలిచేవాడు. అమ్మా అనడానికి మొహం చెల్లలేదు.

అత్త అతని దగ్గరికి జరిగింది. "ఏమని పిలిచేవాడివిరా?"

పిల్ల ఏడుపు ఆపింది. చోంగో నోటివైపే చూస్తోంది.

"వద్దత్తా."

"పిలువు," అంది ముటింటా.

"నలభైమూడు."

పిల్ల తల్లివైపు తిరిగి గబగబా పాలు తాగసాగింది. చోంగో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

అత్త బయటికెళ్లి, కాచుకుని ఉన్న ఇరుగుపొరుగుకు పిల్ల పేరు చెప్పింది. వాళ్లలో సగంమంది ఆ పాత ఊరి నేలలో గుంటలు తవ్వినవాళ్లే. ఒక్కరూ నవ్వలేదు.