ఛైర్మన్ దిగిన బల్ల

మా చెల్లెలి మొగుడు గోడలకు రంగులేస్తూ రెండో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. పైకి చిన్న గీత కూడా లేదు. ఏమీ కాలేదు, ఆస్పత్రి దేనికంటూ ఆటోలో దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆస్పత్రి గేటు దగ్గర తిట్లు ఆగిపోయాయి. అప్పుడేసింది నాకు భయం.

సర్జనమ్మ పొట్ట నొక్కింది. చెక్కలా బిగిసిపోయింది. అక్కడికక్కడే స్కానింగ్ మిషను ఆనించి చూసింది.

"ప్లీహం చిట్లింది. లోపల రక్తం కారిపోతోంది. ఇప్పుడే కోసి ఆపకపోతే దక్కడు."

"కోయండి మరి!" అంది చెల్లి.

"బల్ల ఖాళీ లేదమ్మా."

ఉన్నది ఒకటే ఆపరేషన్ గది. అందులో బల్లెక్కి పడుకున్నది ఎవరనుకున్నారు? ఆస్పత్రి కమిటీ ఛైర్మన్! ఆర్నెల్లుగా మోసుకు తిరుగుతున్న హెర్నియా ఆయనది. ప్రమాదాల్లో దెబ్బతిని వచ్చేవాళ్లకి వేరే బల్ల కావాలని ఊళ్లోవాళ్లం ధర్నా చేస్తే, "ఖాళీగా పడుండే బల్ల దేనికయ్యా?" అన్న పెద్దమనిషి. ఖాళీగా ఉండటమే దాని పని అంటే బుర్రకెక్కలేదు.

సర్జనమ్మ తలుపు తోసింది. గుమ్మంలోంచి అన్నీ వినపడుతున్నాయి.

"సార్, దిగండి."

"నాకిప్పుడు మత్తు ఇవ్వబోతున్నారమ్మా!"

"ఇంకా ఇవ్వలేదుగా. దిగండి."

"పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు!"

"వెళ్లి శుభ్రంగా భోంచేయండి."

"అసలు నేనెవరో..."

"హెర్నియా," అంది నర్సమ్మ, చెప్పులు ఆయన కాళ్ల దగ్గరికి తోస్తూ.

ఛైర్మన్ బయటికొచ్చాడు. ఒంటిమీదున్న ఆపరేషన్ గౌనుకి వెనకాల తాళ్లే తప్ప గుడ్డ లేదు. రెండు చేతులూ అటే పెట్టుకుని గోడకి అతుక్కున్నాడు. మా బావ స్ట్రెచర్ ఆయన్ని రాసుకుంటూ లోపలికి పోయింది.

మా బెంచీ మీదే కూలబడ్డాడు పాపం. చెల్లి కళ్లు తుడుచుకుని ఆయన్నే అడిగింది.

"బతుకుతాడంటారా బాబాయ్?"

"తెలీదమ్మా," అన్నాడు. ఆయన నోటెంట సూటి జవాబు వినడం నాకదే మొదలు.

రెండు గంటలు. గడియారాన్ని పీకి పారేద్దామనిపించింది. చివరికి సర్జనమ్మ వచ్చింది. చెమటకి టోపీ తడిసి ముద్దయింది.

"ప్లీహం తీసేశాం. రక్తం ఆగింది. బతికాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

"మరి నాది?" అన్నాడు ఛైర్మన్.

"రేపు రండి. ఈలోగా ఇంకెవరూ పడకపోతే చూద్దాం."

చెల్లి ఇవేవీ వినలేదు. చెప్పులు బయటే వదిలేసి లోపలికి పరుగెత్తింది.