ఒప్పుకుంటూనే కాదనే మాటలు

"ఏమోయ్, ఆ ఒప్పుకుంటూనే కాదనే మాటలు ఏ పేజీలో ఉన్నాయి?" ముందుగదిలోంచి భర్త కేకేశాడు.

మాడిన గిన్నె తోముతున్న ఆమె వెనక్కి తిరక్కుండానే "నలభై మూడు" అంది. ఆ పుస్తకంలో ఏది ఎక్కడుందో ఆమెకి కంఠతా వచ్చు. రాకేం చేస్తుంది, రాసింది తనైతే!

పదహారేళ్ల కిందటి నోటుబుక్కు అది. పరిశోధనలో చేరిన కొత్తలో ఇంగ్లిష్‌లో వ్యాసం రాయాలంటే ఆమెకి గుండెల్లో రాయి పడేది. ఆలోచన ఉంది, మొదలుపెట్టే వాక్యం లేదు. లైబ్రరీలో కూర్చుని పెద్దవాళ్ల వ్యాసాల్లోంచి పనికొచ్చే మాటలు ఏరుకుంది. ఎదుటివాళ్ల వాదన చెప్పడానికి కొన్ని, దాన్ని మర్యాదగా విరగ్గొట్టడానికి కొన్ని, తెలియని చోట పరువు పోకుండా తెలియదని చెప్పుకోవడానికి ఇంకొన్ని. ప్రతి మాట కిందా సొంతంగా ఒక ఉదాహరణ రాసుకుంది. ఉదాహరణలన్నీ తన పరిశోధన గురించే, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆడవాళ్ల గురించే. ఎనిమిది నెలలు ఆ ఆవిర్లలో వాళ్ల పక్కన నిలబడింది మరి. తర్వాత పెళ్లి, పెద్దది, చిన్నాడు, అత్తగారి మోకాళ్లు. థీసిస్ అటకెక్కింది. నోటుబుక్కు మాత్రం ఆయన బల్ల మీదికి చేరింది.

ఆయన వ్యాసాలన్నీ దాంతోనే గట్టెక్కాయి. విద్యార్థులకి జిరాక్సులు పంచాడు, "సారు నోట్సు" అని పేరొచ్చింది. ఇప్పుడు కాలేజీవాళ్లు పుస్తకంగా వేస్తామన్నారు. టైపు చేసింది ఆమే, ప్రూఫులు దిద్దిందీ ఆమే. అట్ట మీద ఆయన పేరు. లోపల మూడో పేజీలో, "ఓపిగ్గా టైపు చేసిపెట్టిన నా శ్రీమతికి" అని ఒక ముక్క.

ప్రూఫుల్లో కొత్తగా చేరిన ఆ ముక్కని ఆమె రెండుసార్లు చదివింది. అట్ట మీద తన పేరెందుకు లేదని మొన్న అడిగేసింది కూడా. "నువ్వన్నదాంట్లో నిజం లేకపోలేదు. కానీ డాక్టరేట్ లేని మనిషి పేరు చూసి ఎవరు తీసుకుంటారు చెప్పు" అన్నాడాయన. సరిగ్గా నలభై మూడో పేజీలో మొదటి మాట, తెలుగులో! ఆమె ఏరుకున్న మాటని ఆమె మీదే ప్రయోగించాడు మహానుభావుడు. "ఎవరి పేరుంటే ఏంటమ్మా, మీరిద్దరూ వేరా? కాస్త నీళ్లు వెచ్చబెట్టు, కాళ్లు లాగేస్తున్నాయి" అన్నారు అత్తగారు. వేరు కానప్పుడు నా పేరే వేయొచ్చుగా అన్న మాట గొంతుదాకా వచ్చింది. నీళ్లు వెచ్చబెట్టింది. కోప్పడాలన్నా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. పొద్దున్న లేచింది మొదలు ఆ సత్తువంతా ఎవరెవరి పనుల్లోకో పోతోంది, తన కోసం మిగిలేది నడుం నొప్పి ఒక్కటే.

ఇవాళ ప్రూఫులు పట్టుకెళ్లడానికి ప్రెస్సాయన వచ్చాడు. సాయంత్రమే అచ్చుకెక్కిస్తాడట. ఇంక ఇవాళ అనకపోతే ఎప్పటికీ అనలేదు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మార్పులేమైనా ఉన్నాయా సార్?"

"ఏం లేవండీ, మా ఆవిడ చూసేసింది. ఏవో కామాలు, అంతే."

"ఒకటుంది. అట్ట మీద పేరు" అంది ఆమె.

ఆయన నవ్వబోయాడు. "అయిపోయిన సంగతి మళ్లీ ఎందుకు తోడుతావు? అదీ బయటివాళ్ల ముందు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. ప్రూఫుల కట్ట ఆయన చేతిలోంచి తీసుకుని మూసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇందులో మూడొందల ఉదాహరణలున్నాయి. అన్నీ ఒకే చోట పనిచేసే ఆడవాళ్ల గురించి. వాళ్లు ఏం పని చేస్తారో చెప్పండి. చెబితే మీ పేరే ఉంచేద్దాం."

"ఉదాహరణలెవరు చదువుతారే" అన్నాడాయన. ఆ వెంటనే, "నర్సులు కదూ?" అన్నాడు.

మంచం మీంచి అత్తగారు కొడుకు మొహంలోకి చూసి, పక్కకి తిరిగారు.

ఆ ఉదాహరణల్లో ఉన్నది దుప్పట్లు ఉతికేవాళ్లని పేజీలు కూర్చిన ప్రెస్సాయనకి తెలుసు. అతను జేబులోంచి పెన్ను తీసి, "మీ పేరెలా వేయాలో చెప్పండమ్మా" అన్నాడు.

ఆమె అక్షరం అక్షరం చెప్పింది, అతను రాసుకున్నాడు.